ఆమెకు ఓపీ చీటీ ఎవరిస్తారు? మహిళల వ్యసన చికిత్స, దాని ఖర్చు

గత ఆదివారం మా స్టడీ సర్కిల్‌లో ఒక నమూనా ప్రశ్న పెట్టుకున్నాం. "భారతదేశంలో మత్తు పదార్థాల సమస్య మహిళలపై చూపుతున్న ప్రభావాన్ని 250 పదాల్లో చర్చించండి." పదకొండు మందిమి రాశాం. ఆ తర్వాత పేపర్లు మార్చుకుని దిద్దుకున్నాం. దాదాపు అందరం దూబగుంటతోనే మొదలుపెట్టాం. 1992లో నెల్లూరు జిల్లా పల్లెలో ఆడవాళ్లు సారాపై తిరగబడటం, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం, ఆపై 47వ అధికరణ, గృహహింస, చివర్లో 'సమగ్ర దృక్పథం అవసరం'. పదకొండు పేపర్లలోనూ స్త్రీ అంటే తాగుబోతు మొగుడి పెళ్లాం, చెడిపోయిన కొడుకు తల్లి, లేదంటే సారా ఉద్యమకారిణి. ఒక్క పేపర్లోనూ ఆమె రోగి కాదు. నా పేపరూ అంతే.

మిగతావాళ్ల సంగతేమో గానీ, ఆ తప్పు నేను చేయకూడదు. మా పెద్దమ్మది నిజామాబాద్ జిల్లా. బీడీలు చుట్టేది. పొద్దంతా చాట ముందు కూర్చుని, పొద్దుగూకితే రెండు సీసాల కల్లు తాగేది. ఊళ్లో దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, నడుం నొప్పికి మందు అన్నారు. ఆ సీసాలో చెట్టు నుంచి దిగింది తక్కువ, ఆల్ప్రజోలం లాంటి మత్తు మందుల పొడి ఎక్కువని మాకు ఆలస్యంగా తెలిసింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సరఫరా ఒక్కసారిగా ఆగిపోయింది. రెండు మూడు రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి. వణుకు, నిద్రలేమి, పిచ్చి మాటలు, ఫిట్స్. వచ్చినవాళ్లలో మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ ఉన్నారు. మా పెద్దమ్మ నాలుక కరుచుకుని, నోట్లో నెత్తురుతో ఆటోలో వెళ్లింది.

ఆస్పత్రిలో ఆమెను బాగానే చూశారు. ఐదో రోజుకు మనిషి తేరుకుంది. డిశ్చార్జి చేసి, మాత్రలు బయట కొనుక్కోమని, పదిహేను రోజులకొకసారి రమ్మని చీటీ రాసిచ్చారు. పెద్దమ్మ మళ్లీ వెళ్లలేదు. బస్సు చార్జీ కావాలి, ఆ రోజు బీడీల కూలి పోతుంది, తోడు వెళ్లే కోడలి కూలీ పోతుంది, మాత్రలకు డబ్బు కావాలి. నెల తిరక్కుండానే కల్లు మళ్లీ దొరికింది, ఆస్పత్రి కంటే దగ్గరలో, ఆస్పత్రి మాత్రల కంటే చవకగా.

ఐదు రోజుల మంచానికి ప్రభుత్వం ఖర్చు పెట్టింది. ఆ తర్వాత అవసరమైన ఆరునెలల రాకపోకలకు ఎవరూ పెట్టలేదు. ఈ వ్యాసం ఆ ఆరునెలల గురించి. నా వాదన సూటిగా చెబుతాను. మహిళలకు వ్యసన చికిత్స ప్రధానంగా ఓపీలో, వాళ్ల ఊరికి దగ్గరలో జరగాలి. మన చెల్లింపు వ్యవస్థ మాత్రం మంచం ఎక్కితేనే డబ్బిస్తుంది. ఈ రెండింటి మధ్య దూరం పొరపాటున ఏర్పడింది కాదు. అది మనం రాసుకున్న నిబంధనల్లోనే ఉంది, కాబట్టి మార్చవచ్చు.

లెక్కల్లో ఆమె ఎక్కడ?

సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం చేసిన సర్వే నివేదిక 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసు వాళ్లలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు. పురుషుల్లో 27.3 శాతం, మహిళల్లో 1.6 శాతం. మన నోట్సులన్నీ ఈ 1.6 దగ్గర ఆగిపోతాయి. 'స్త్రీలలో సమస్య స్వల్పం' అని ఒక ముక్క రాసి ముందుకు వెళతాం.

ఆగి లెక్క వేయండి. 14.6 శాతం అంటే దాదాపు 16 కోట్ల మంది అని అదే నివేదిక చెబుతోంది. ఆ లెక్కన 1.6 శాతం మహిళలంటే 80 లక్షలకు పైనే. ఇది ఇంటింటికీ వెళ్లి అడిగిన సర్వే. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా "నేను తాగుతాను" అని చెప్పిన వాళ్ల లెక్క. చెప్పని వాళ్లను మీరే ఊహించుకోండి.

పైగా జాతీయ సగటు ప్రాంతాల మధ్య తేడాలను మింగేస్తుంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం 15 ఏళ్లు దాటిన మహిళల్లో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద ఒక శాతం చిల్లరే. అరుణాచల్ ప్రదేశ్‌లో మాత్రం 24 శాతం, తెలంగాణలో దాదాపు 7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం కూడా లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకే ఒకే విధానం సరిపోదని ఈ అంకెలే చెబుతున్నాయి.

మద్యం ఒక్కటే వ్యసనం కాదు. వయోజన పొగాకు సర్వే 2016–17 ప్రకారం మన దేశంలో 12.8 శాతం మహిళలు పొగ రాని పొగాకు వాడుతున్నారు. ఖైనీ, గుట్కా, జర్దా, పళ్లపొడి రూపంలో పొగాకు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి వైద్య విద్యార్థులు దశాబ్దాలుగా చదువుకుంటున్నారు. మణిపూర్, మిజోరం, నాగాలాండ్‌లలో సూదితో మాదకద్రవ్యాలు తీసుకునే మహిళల కోసం హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాలు ప్రత్యేకంగా నడిపించాల్సి వచ్చింది. నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే మధ్యతరగతి గృహిణి ఏ ఉద్యమ చరిత్రలోనూ కనపడదు.

ఇక చికిత్స సంగతి. మద్యానికి బానిసైన వాళ్లలో ఏదో ఒక చికిత్స అందుకున్నది 38 మందిలో ఒకరు. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. ఇవీ ఆ 2019 నివేదికలోని అంకెలే. ఇవి స్త్రీ పురుషులిద్దరివీ కలిపినవి. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సాయం అందిన ఆ కొద్దిమందిలోనూ ఎక్కువ మందికి అది అందింది మంచం మీద కాదు. డబ్బు మాత్రం మంచానికే అతుక్కుని ఉంది.

ఓపీ ఎందుకు?

వ్యసనం అంటే బలహీనత అనుకునేవాళ్లకు 'పట్టుకెళ్లి నెల రోజులు పడేస్తే సరి' అనిపిస్తుంది. వైద్యం అలా చెప్పదు. ఒంట్లోంచి మత్తు దిగడానికి పట్టేది కొన్ని రోజులు. మళ్లీ దాని జోలికి వెళ్లకుండా నిలబడటానికి పట్టేది నెలలు, ఏళ్లు. అధిక రక్తపోటు, మధుమేహం లాగే ఇది తిరగబెట్టే స్వభావం ఉన్న దీర్ఘకాలిక రోగం. షుగరు రోగిని వారం వార్డులో ఉంచి, ఇక నీకు తగ్గిపోయింది పొమ్మంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

మా పెద్దమ్మ విషయమే తీసుకోండి. ఆల్ప్రజోలం జాతి మందులను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. అది ఓపీలో చేయదగ్గ పని. మద్యం మానినవాళ్లకు కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మందులు నోటి ద్వారా తీసుకునే మాత్రలే. నల్లమందు, హెరాయిన్ అలవాటుకు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఉంది. పంజాబ్ 2017 అక్టోబరులో ఊట్ క్లినిక్కుల పేరుతో దీన్ని ఓపీ పద్ధతిలో ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో రోజూ క్లినిక్కుకు వచ్చి సిబ్బంది ఎదుటే వేసుకోవాలి. 2020 లాక్‌డౌన్‌లో మాత్రలు ఇంటికి ఇవ్వక తప్పలేదు. ఓపీ చికిత్స పెద్ద ఎత్తున సాధ్యమేనని పంజాబ్ నిరూపించింది. అదే పంజాబ్ ఇంకో పాఠం కూడా నేర్పింది. మగవాళ్లు బారులు తీరిన కిటికీ ముందు, ఊరంతా చూస్తుండగా, రోజూ నిలబడాలంటే ఆడవాళ్లు రారు. ఆ రాష్ట్రం కపూర్తలాలో మహిళలకు ప్రత్యేకంగా ప్రభుత్వ కేంద్రం పెట్టాల్సి రావడానికి కారణం ఇదే.

మహిళ విషయంలో ఓపీకి బలం చేకూర్చే కారణాలు ఇంకా ఉన్నాయి. ఆమె ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అంతే మద్యానికి రక్తంలో గాఢత ఎక్కువవుతుంది. మొదటి గుక్క నుంచి బానిసత్వం దాకా మగవాడికి పట్టే కాలం కంటే ఆమెకు తక్కువ పడుతుంది. అంటే ముందే పట్టుకోవాలి. ముందే పట్టుకోవడం వార్డులో జరగదు, ఊళ్లో జరుగుతుంది. ఇంకొకటి, ఆమె ఇల్లు వదిలి నెల రోజులు ఎక్కడికీ పోలేదు. పిల్లలకు వండేదెవరు? గొడ్డుకు మేత వేసేదెవరు? మొగుడు డీఅడిక్షన్ సెంటరుకు పోతే పెళ్లాం ఇల్లు నడుపుతుంది. పెళ్లాం పోతే పుట్టింటికి కబురు వెళుతుంది. మగవాడు చేరితే 'మారడానికి పోయాడు' అంటారు. ఆడది చేరితే 'చెడిపోయింది' అంటారు. మూడేళ్లలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయరాదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. పసిబిడ్డతో సహా తల్లిని చేర్చుకునే డీఅడిక్షన్ వార్డు మీ జిల్లాలో ఉందేమో ఒకసారి కనుక్కోండి.

మంచం అసలు వద్దని నేను అనడం లేదు. ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, గర్భిణులు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లు చేరాల్సిందే. కానీ అది చికిత్సలో ఒక మజిలీ. మనం దాన్నే గమ్యం అనుకుంటున్నాం.

డబ్బు మంచం చుట్టూ తిరుగుతోంది

ఇప్పుడు ఒక పేద మహిళ చికిత్సకు డబ్బు ఎటునుంచి రావచ్చో వరసగా చూద్దాం.

మొదటిది ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబరు 23న మొదలైన పీఎం-జేఏవై కుటుంబానికి ఏటా రూ.5 లక్షల దాకా ఇస్తుంది. ఆస్పత్రిలో చేరితేనే. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు అందులో కలుస్తుంది. పదహారో రోజు నుంచి ఆమె సంగతి ఆమెదే. మళ్లీ మత్తు వైపు లాగే ప్రమాదం సరిగ్గా ఆ వారాల్లోనే ఎక్కువ.

రెండోది ఆరోగ్యశ్రీ. 2007లో మన దగ్గర పుట్టి, దేశానికి నమూనా అయిన పథకం. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని రూ.10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ రూ.25 లక్షలకు పెంచాయి. పరిమితి ఎంత పెంచినా ప్రధానంగా చెల్లించేది పెద్ద జబ్బుకు, ఆపరేషనుకు. ఆరునెలల మాత్రలకు, పన్నెండు సార్లు కౌన్సెలింగుకు రూ.25 లక్షలు అక్కర్లేదు. అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. పెద్ద ఖర్చుకు గొడుగు ఉంది, చిన్న ఖర్చుకు లేదు. పేద ఇల్లు ఆగిపోయేది ఆ చిన్న ఖర్చు దగ్గరే.

మూడోది ఈఎస్ఐ. ఓపీ చికిత్స, మందులు, జబ్బు పడినప్పుడు వేతనంలో 70 శాతం దాకా భృతి, మూడూ ఉన్న అరుదైన వ్యవస్థ ఇది. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఇంతకంటే మంచి నమూనా మనకు లేదు. కానీ నెలకు రూ.21,000 లోపు జీతం ఉన్న నమోదిత ఉద్యోగికే అది. ఇళ్లల్లో పాచిపని చేసే ఆమె, నాట్లు వేసే ఆమె, ఇంటి దగ్గర బీడీలు చుట్టే ఆమె ఆ గీత బయటే.

నాలుగోది ప్రైవేటు బీమా. ఇక్కడ ఆగి కోపం తెచ్చుకోవాలి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మినహాయింపులను ప్రామాణికం చేసింది. మీ ఇంట్లో ఆరోగ్య బీమా పాలసీ ఉంటే తీసి చూడండి. 'కోడ్ ఎక్సెల్ 12' అని ఉంటుంది. మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాల వ్యసనం, మరే వ్యసనమైనా సరే, దాని చికిత్సకూ దాని పర్యవసానాలకూ చెల్లించం అని దాని సారాంశం.

ఐదోదే అసలైన దారి. చేబదులు, డ్వాక్రా అప్పు, కుదువ పెట్టిన కమ్మలు. 2021–22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోతోంది. అందులో పెద్ద భాగం ఓపీ, మందులే. మొగుడి చికిత్సకు పెళ్లాం కమ్మలు కుదువ పెడుతుంది. పెళ్లాం చికిత్సకు ఎవరి కమ్మలు? ఆమె వ్యసనాన్ని ఇంట్లో దాచినప్పుడు ఆ ఖర్చునూ దాచే కట్టాలి. దాచి కట్టడానికి ఆమె చేతిలో డబ్బు ఉండదు.

చట్టం ఇప్పటికే మాట ఇచ్చింది

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017ను మనం ఒక మార్కు ప్రశ్నకు చదివి వదిలేస్తాం. ఒకసారి పూర్తిగా చదవండి. 2వ సెక్షన్‌లో మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు ఉన్నాయి. 18వ సెక్షన్ ప్రకారం చికిత్స హక్కు. లింగభేదం లేకుండా, భరించగల ఖర్చులో, దూరం వెళ్లనక్కర్లేకుండా. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. నిత్యావసర జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పై స్థాయి దాకా ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఇక 21వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం: శారీరక రోగాలకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మానసిక రోగాలకూ అదే ప్రాతిపదికన ప్రతి బీమా సంస్థా ఇవ్వాలి.

పార్లమెంటు చేసిన చట్టం వ్యసనాన్ని రోగం అంది, రోగాల మధ్య బీమాలో తేడా వద్దంది. నియంత్రణ సంస్థ ప్రామాణికం చేసిన మినహాయింపు ఆ తేడాను పాలసీ కాగితం మీద అచ్చు వేసింది. మానసిక రోగికి బీమాలో వివక్ష చూపడం చెల్లదని ఢిల్లీ హైకోర్టు 2021లో వేరే రోగం విషయంలో తేల్చింది. ఆ తర్కాన్ని వ్యసనానికి వర్తింపజేయకుండా ఆపుతున్నది న్యాయశాస్త్రం కాదు, నైతిక తీర్పు. 'కోరి తెచ్చుకున్నదానికి మేమెందుకు కట్టాలి' అన్న తీర్పు. కారు వేగంగా నడిపి కాలు విరగ్గొట్టుకున్నవాడికి కడుతున్నాం. ముప్పై ఏళ్లు నూనె వంటలు తిని గుండె మూసుకుపోయినవాడికి స్టెంటు వేయిస్తున్నాం. వాళ్లకు అడగని ప్రశ్న ఈమెకు ఎందుకు?

డబ్బు ఎక్కడిది?

పరీక్షలో 'నిధులు పెంచాలి' అని రాస్తే మార్కులు రావు, పాలనలో అలా అంటే పని జరగదు. నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, పథకాల్లో ఓపీ ప్యాకేజీ. మంచం మీద రాత్రి పడుకోకపోయినా డయాలసిస్‌కు పీఎం-జేఏవై, ఆరోగ్యశ్రీ చెల్లిస్తున్నాయి. అంటే రాత్రి బస అనేది దైవనిర్ణయం కాదు. వ్యసన చికిత్సకు ఏడాది ప్యాకేజీ ఒకటి రాయాలి. మొదటి పరీక్ష, మత్తు దించే మందులు, నెలనెలా మాత్రలు, కౌన్సెలింగు అన్నీ అందులో ఉండాలి. రోగి ఎన్ని నెలలు చికిత్సలో నిలిచిందన్న దాన్ని బట్టి ఆస్పత్రికి విడతలుగా కట్టాలి. అప్పుడు ఆస్పత్రికి మంచం నింపడం కంటే మనిషిని నిలబెట్టడం లాభమవుతుంది.

రెండు, ఎక్సెల్ 12 తొలగింపు. దీనికి పైసా బడ్జెట్ అక్కర్లేదు. ప్రీమియం కాస్త పెరగవచ్చు, ఆ సంగతి ఒప్పుకుందాం. ఇప్పుడు వ్యసనాన్ని వదిలేసి, పదేళ్ల తర్వాత వచ్చే కాలేయ జబ్బు కూడా 'పర్యవసానమే' అని ఎగ్గొట్టడంతో పోలిస్తే అది న్యాయమైన ధర.

మూడు, మద్యం మీద సెస్సు, చట్టంతో కట్టుదిట్టం చేసిన నిధి. తాగే మద్యం జీఎస్టీ బయట ఉంది, దానిమీద పన్ను రాష్ట్రాల చేతిలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2024 మద్యం విధానంలో 2 శాతం డ్రగ్ రీహాబిలిటేషన్ సెస్సు పెట్టింది. మంచి అడుగు. థాయ్‌లాండ్ 2001లోనే మద్యం, పొగాకు పన్నుల మీద 2 శాతం అదనంగా వేసి ఆరోగ్య ప్రోత్సాహక సంస్థను నడుపుతోంది. కేంద్రం దగ్గర కూడా ఎన్‌డీపీఎస్ చట్టంలోని 7ఎ సెక్షన్ కింద మాదకద్రవ్యాల నియంత్రణ జాతీయ నిధి ఉంది, వ్యసనపరుల చికిత్స దాని ప్రయోజనాల్లో ఒకటి. ఇక్కడ నా షరతు ఒక్కటే. సెస్సు సొమ్ములో మహిళల ఓపీ సేవలకు ఇంత అని ముందే రాసిపెట్టాలి. రాయకపోతే ఏమవుతుందో మా పెద్దమ్మ వృత్తే చెబుతుంది. 1976లో బీడీల మీద సెస్సు వేసి బీడీ కార్మికుల సంక్షేమ నిధి పెట్టారు. దాంతో డిస్పెన్సరీలు వచ్చాయి, ఓపీ వైద్యం వచ్చింది. 2017లో జీఎస్టీ రాకతో ఆ సెస్సు రద్దయింది. నిధికి సొంత ఆదాయం పోయి, సంక్షేమం బడ్జెట్ దయ మీద పడింది. సెస్సు పెట్టడం ఎంత ముఖ్యమో దాన్ని కాపాడటం అంత ముఖ్యం.

నాలుగు, చికిత్స బయట ఖర్చు. డాక్టరు ఫీజు లేకపోయినా ఓపీ ఉచితం కాదు. కూలి పోతుంది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5,000 ఇచ్చే ఆరోగ్య ఆసరాను ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో మొదలుపెట్టింది. జబ్బు మనిషికి కూలి నష్టం కూడా వైద్య ఖర్చేనని ఒక ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. అదే సూత్రంతో ఓపీకి వచ్చిన రోజుకు ఒక పూట కూలి ఇవ్వొచ్చు. ప్రయాణం సంగతి ఇప్పటికే సగం తీరింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఉచిత బస్సును ఖజానాకు భారం అంటూ వ్యాసాలు రాసే మనం, అది ఆరోగ్య పథకం కూడా కాగలదని ఎప్పుడైనా రాశామా?

వీటన్నిటికీ ముందు ఒక మాట. ఆ ఓపీ గది తలుపు మీద 'డీఅడిక్షన్' అన్న బోర్డు ఉండకూడదు. బీపీ, షుగరు పరీక్షలకు ఆడవాళ్లు ఇప్పటికే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తున్నారు. ఆ గదిలోనే, ఆ వరసలోనే, బీపీ చూసే నర్సే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలోని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల జాబితాలో మానసిక ఆరోగ్యం ఎలాగూ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబర్లు ఆ గోడ మీద ఉండాలి. చట్టంలోని 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇచ్చింది. ఆ హక్కు మొదట కనిపించాల్సింది ఆ గది ఏర్పాటులోనే.

మూడు అభ్యంతరాలు

'సంపూర్ణ మద్యనిషేధం పెడితే చికిత్స గోలే ఉండదు' అంటారు. 2015లో నిజామాబాద్‌లో సరఫరా ఆపి చూశారు. చికిత్స సిద్ధం చేయకుండా సరఫరా ఆపితే ఫిట్స్ వస్తాయి. దూబగుంట మహిళలను గౌరవించేవాళ్లు ఈ పాఠాన్నీ గుర్తుంచుకోవాలి. నిషేధం కావాలా వద్దా అన్నది వేరే చర్చ, చికిత్స రెండు సందర్భాల్లోనూ కావాలి.

'మహిళల సంఖ్య తక్కువ, ప్రత్యేక సేవలు వృథా' అంటారు. నేను ప్రత్యేక భవనాలు అడగడం లేదు. ఉన్న గదిలో వారానికి ఒక పూట, ఒక మహిళా కౌన్సెలర్, మందుల సరఫరా అడుగుతున్నాను. 15వ అధికరణలోని మూడో క్లాజు ఉన్నదే ఇలాంటి వాటికి. సేవ లేదు కాబట్టి రోగులు రారు, రోగులు రారు కాబట్టి సేవ లేదు. ఈ గిరిగీతను ఎవరో ఒకరు దాటాలి, దాటాల్సింది రోగి కాదు.

'ఓపీలో ఇస్తే మాత్రలు బయట అమ్ముకుంటారు' అంటారు. బుప్రెనార్ఫిన్ విషయంలో ఇది నిజమైన భయమే. ఓపీని మూసేస్తే ఆ భయం పోదు. మోతాదులను నమోదు చేసి, నమ్మకం కుదిరే కొద్దీ ఇంటికిచ్చే రోజుల సంఖ్య పెంచితే తగ్గుతుంది. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మత్తు ఇచ్చే మందులు కావు. వాటికి ఆ సాకు కూడా లేదు.

మన పేపర్ల సంగతి

మనలో కొందరు రేపు జిల్లాల్లో కూర్చుంటారు. డీఆర్‌డీఏ ఫైలు, ఆరోగ్య శాఖ ఫైలు, ఎక్సైజ్ ఫైలు ఒకే బల్ల మీదికి వస్తాయి. ఎక్సైజ్ ఫైలులో ఎంత ఆదాయం వచ్చిందో ఉంటుంది. ఆరోగ్య ఫైలులో ఎన్ని మంచాలు నిండాయో ఉంటుంది. మొదటి నెల ఓపీకి వచ్చి రెండో నెల రాని ఆడమనిషి ఏ ఫైలులోనూ ఉండదు. ఆమెను అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఆ గడిని చేర్చడం ఒక కలెక్టరు చేయగల పని, దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మా పెద్దమ్మకు ఇప్పుడు అరవై దాటింది. ఇప్పటికీ పొద్దుగూకితే చేతులు వణుకుతాయి. మొన్న దసరాకు వెళ్లినప్పుడు, "బస్సు మాకు ఉచితమే గదరా, యాడికి పోవాల్నో చెప్పు, పోతా" అంది. నేను మూడుసార్లు ప్రిలిమ్స్ రాసినవాణ్ని. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఒక హెల్ప్‌లైన్ నంబరు తప్ప ఊరి పేరు లేదు.

సాధన ప్రశ్నలు:

1. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 ఇచ్చిన హక్కులకు, ప్రస్తుత ఆరోగ్య బీమా, ఆరోగ్య పథకాల చెల్లింపు నిబంధనలకు మధ్య ఉన్న వైరుధ్యాన్ని వ్యసన చికిత్స ఉదాహరణగా పరిశీలించండి. (250 పదాలు)

2. మీరు ఒక జిల్లా కలెక్టరు. కల్తీ కల్లుపై దాడులకు ఎక్సైజ్ శాఖ అనుమతి కోరింది. దాడులకు ముందు ఆరోగ్య శాఖతో మీరు ఏయే ఏర్పాట్లు చేయిస్తారు? అందులో మహిళా రోగుల కోసం ప్రత్యేకంగా ఏం చేస్తారు? (నైతికత, కేస్ స్టడీ)

రెండో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు దూబగుంటతో మొదలుపెట్టకండి.